ఏకదిశ ఉత్తర్వు, మా ఎడమ పెడలు

మా మునిసిపాలిటీ వారికి మా ప్రాణాల మీద ఉన్నంత ప్రేమ మాకు లేదు. ఈ సంగతి నాకు బోధపడడానికి ఒక కార్తీక మాసం పట్టింది.

కిందటి వేసవిలో ఏడో వార్డులో ఒకాయన గోడకు మేకు కొట్టబోయి తన బొటనవేలి మీద కొట్టుకున్నాడు. పసుపు అద్ది గుడ్డ చుట్టుకుని ఆయన ఆ సంగతి మర్చిపోయాడు. మునిసిపాలిటీ మర్చిపోలేదు. సరిగ్గా అప్పుడే జిల్లాలో 'ప్రమాదరహిత పట్టణం' పోటీ ఒకటి పెట్టారు. పక్క ఊళ్లవాళ్లు రోడ్ల మీద గుంటలు పూడ్చుకుని ఊరుకున్నారు. మావాళ్లు అలాంటి చిన్న పనులతో సరిపెట్టుకోలేదు. గృహ మరమ్మతుల పర్యవేక్షణ విభాగం అని కొత్తది ఒకటి తెరిచారు. ఇంట్లో ఏది బిగుసుకుపోయినా, సీసా మూత దగ్గర్నుంచి తలుపు గొళ్లెం దాకా, పర్యవేక్షకుల సమక్షంలోనే విప్పాలన్నారు.

తర్వాత ఒక అధ్యయనం జరిగింది. విప్పవలసిన వస్తువును తప్పు దిశలో తిప్పడం వల్లనే జనం విసుగు చెంది సుత్తులు పడుతున్నారనీ, ఆ సుత్తులే వేళ్ల మీద పడుతున్నాయనీ తేలింది. దాంతో ఏకదిశ ఉత్తర్వు వచ్చింది. 'పట్టణ పరిధిలో విప్పదగిన ప్రతి వస్తువును అపసవ్య దిశలో, అనగా గడియారపు ముల్లు నడకకు ఎదురుగా మాత్రమే విప్పవలెను.' ఇంటింటికీ వచ్చి ఆకుపచ్చ బాణం గుర్తులు అతికించి వెళ్లారు. మా ఆవకాయ జాడీకి ఉన్నది మూతి మీద కట్టిన గుడ్డ ఒక్కటే. దానికి కూడా ఒక బాణం అతికించారు.

మా ఆవిడ పాపాయమ్మ మాత్రం కొంచెం నొచ్చుకుంది.

"అపసవ్యమేంటండీ, శుభమా అని? తద్దినాలప్పుడు కదా ఆ మాట వినేది!"

"కుళాయి అటే కదే తిప్పుతాం. వాళ్లు కొత్తగా చెప్పిందేముంది?" అన్నాను. నిజంగా నాకు అందులో తప్పేమీ కనిపించలేదు.

నా పేరు బులివీరభద్రం. ఎనిమిదో తరగతితో చదువు ఆపేశాను. నేనూ పాపాయమ్మా ఏడాది పొడుగునా దూదితో వత్తులు చేస్తాం. పువ్వు వత్తులు, బొడ్డు వత్తులు రోజూ అమ్ముడుపోయేవే. మా ఇల్లు నిలబెట్టేది మాత్రం మూడువందల అరవై అయిదు వత్తుల కట్ట. రోజూ దీపం పెట్టలేకపోయిన వాళ్లు కార్తీక పౌర్ణమి నాడు ఆ కట్ట ఒక్కటి వెలిగిస్తే ఏడాదికంతా సరిపోతుంది. పౌర్ణమి దాటిన మర్నాడు ఆ కట్టను ఊరికే ఇస్తామన్నా పుచ్చుకునేవాడు ఉండడు.

ఆ ఏడు నాలుగువందల కట్టలు చేశాం. పాపాయమ్మ బొటనవేలి చివర చర్మం అరిగి నున్నగా అయిపోయింది. వాటిని రెండు గోతాల్లో వేసి సైకిలుకు చెరో పక్క కట్టుకుని, కాలువగట్టు వెంబడి ఉన్న పల్లెల్లో దుకాణాలకు వేసి రావాలి. ఆ గట్టు మీద సైకిలు తప్ప ఇంకేదీ పట్టదు.

నాగుల చవితి మర్నాడు ఆ గట్టు మీదనే నా సైకిలు ఎడమ పెడలు విరిగి కాలువలో పడింది. విరిగినది పైన కాలు ఆనించే భాగం. దాని కడ్డీ మాత్రం క్రాంకులోనే, అంటే పెడలు బిగించే ఇనప చేతిలోనే, ఉండిపోయింది. ఆ కడ్డీ వస్తేగాని కొత్త పెడలు ఎక్కదు. మా పేటలో సైకిళ్లు బాగుచేసేది మస్తాను ఒక్కడే. అతను మేనకోడలి పెళ్లికని కడప వెళ్లాడు.

కొత్త పెడలు కొనుక్కొచ్చి, సైకిలును వసారాలో గోడకు ఆనించాను. మా ఇంట్లో ఉన్న పనిముట్లు మూతి అరిగిన స్పానరు ఒకటి, కొబ్బరినూనె సీసా ఒకటి. పాపాయమ్మ మర మొదట్లో నూనె పోసింది. మరిగిన నీళ్లు పోసింది. నేను ఆకుపచ్చ బాణం చూసుకుని అపసవ్యంగా తిప్పాను. కడ్డీ కదల్లేదు. లోపలికి వెళ్లి పచ్చడి బండ తెచ్చి స్పానరు కొస మీద నాలుగు దెబ్బలు వేశాను. అయినా కదల్లేదు. ఆ చప్పుడు మాత్రం వార్డు ఆఫీసు దాకా వెళ్లింది.

వార్డు కార్యదర్శి సౌదామిని మంచి పిల్ల. చేతిలో పలక లాంటి ఫోను పట్టుకుని గుమ్మం దగ్గర చెప్పులు విప్పి మరీ లోపలికి వచ్చింది.

"బాబాయిగారూ, ఏదో విప్పుతున్నట్టున్నారు?"

"పెడలమ్మా."

"పర్మిషనుందాండీ?"

"నా సైకిలే తల్లీ."

"సైకిలు మీదేనండీ. విప్పడం మాదండీ." పాపం, నవ్వుతూనే చెప్పింది. సైకిలుకు 'పరిశీలనలో ఉన్నది' అని అట్ట కట్టింది. స్పానరు స్వాధీనం చేసుకుంది. పచ్చడి బండను 'రాతి సుత్తి, ఒకటి' అని రాసుకుంది.

"అయ్యో, అది పట్టుకుపోతే రేప్పొద్దున్న పచ్చడి దేంతో నూరుకోనమ్మా?" అంది పాపాయమ్మ.

"అప్లికేషను పెట్టుకోండి పిన్నిగారూ. పచ్చడి వరకూ తాత్కాలికంగా ఇస్తారు."

"పోనీ వేరేవాళ్ల సైకిలు అడిగి తెచ్చుకోనా అమ్మా? పౌర్ణమి దగ్గర పడుతోంది," అన్నాను.

"వద్దండీ బాబాయిగారూ! మీకు ఇంకో సైకిలు దొరికిందంటే మీ ఇబ్బంది తీరిపోయినట్టే. ఇబ్బంది తీరితే ఫైలు మూసేస్తారు. ఫైలు మూస్తే ఈ సైకిలు ఇంక ఎప్పటికీ పరిశీలనలోనే ఉండిపోద్ది."

ఆ అమ్మాయి నా మేలు కోరే చెప్పింది. నేను నా ఇబ్బందిని జాగ్రత్తగా కాపాడుకున్నాను.

నవమి నాడు పర్యవేక్షకులు త్రివిక్రమరావుగారు నలుగురు మనుషులతో వచ్చారు. మెడలో పట్టీకి తగిలించిన కార్డు, చంకలో ఫైలు. వసారాలో కుర్చీ వేశాను గాని ఆయన కూర్చోలేదు.

"వీరభద్రంగారూ, మీరు దీన్ని పెడలు అనుకుంటున్నారు. మేము అలా అనుకోవడం లేదు. పౌరుడికీ, బిగుసుకుపోయిన తత్వానికీ మధ్య జరుగుతున్న సంఘర్షణలో ఇదొక ఘట్టం. ప్రారంభించండి."

మనుషులు నా స్పానరే తగిలించి బాణం గుర్తు ప్రకారం బలంగా నొక్కారు. క్రీచుమని చప్పుడైంది. స్పానరు కాస్త జరిగింది! అందరం చప్పట్లు కొట్టాం. పాపాయమ్మ కాఫీలు తెచ్చింది.

"రాయండి," అన్నారు త్రివిక్రమరావుగారు. "మొదటి రోజు పురోగతి, పదిహేను డిగ్రీలు."

వాళ్లు వెళ్లాక ఈ శుభవార్త చెబుదామని మస్తానుకు ఫోను చేశాను. పెళ్లి బాజాల మధ్య అతని గొంతు సరిగా వినపడలేదు. రెండోసారి మాత్రం బాగానే వినపడింది.

"ఎడం పెడలా? అటు తిప్పారేంటి బాబాయ్! అది ఎదురు మర. అటు తిప్పితే ఇంకా బిగుస్తాది."

"బాణం అటే ఉంది మస్తానూ."

"బాణం తిప్పలు నాకు తెలీదు బాబాయ్. కుడిదైనా ఎడందైనా స్పానరు పైకి నిలబెట్టి వెనక చక్రం వైపు లాగండి. ఊడొస్తాది. తొక్కేప్పుడు ఊడిపోకుండా కంపెనీవోళ్లు ఎడం పక్కది అలా తిరగేసి పెడతారు. ఇది చిన్న పిల్లోడికి కూడా తెలుసు."

నాకు తెలియదు. త్రివిక్రమరావుగారికీ తెలియకపోయి ఉండవచ్చని, మర్నాడు ఆఫీసుకు వెళ్లి వినయంగా విన్నవించుకున్నాను.

ఆయన కోప్పడలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"వెనక్కి అన్నాడా మీ మెకానిక్కు?"

"ఆయ్. వెనక చక్రం వైపండి."

"వెనక్కి అనే దిశ మా ఉత్తర్వులో లేదు వీరభద్రంగారూ. నిన్న స్పానరు ఎటు జరిగింది?"

"ముందుకండి."

"మరి! పదిహేను డిగ్రీలు ముందుకు వెళ్లిన పనిని వెనక్కి తిప్పమంటారా? సాధించిన పురోగతిని నేనే చెరిపేశానని పై వాళ్లకు ఏ ముఖంతో రాయను?"

"తిరిగింది బిగియడానికేమోనండి," అన్నాను మెల్లగా.

"ఉత్తర్వు ప్రకారం అది విప్పు దిశ. విప్పు దిశలో తిరిగినది విడివడుతున్నట్టే. ఒకవేళ మీ సైకిలు అందుకు విరుద్ధంగా ప్రవర్తిస్తే, దోషం సైకిలుది."

ఎనిమిదో తరగతి చదివినవాణ్ణి. ఇంటికి వచ్చి ఇంకో రెండు కట్టలు చుట్టాను.

ఏకాదశి నాడు బలవర్ధన ఉపసంఘం దిగింది. అగ్నిమాపక కేంద్రం నుంచి ఇద్దరు మనుషులు నాలుగడుగుల ఇనప గొట్టం తెచ్చి స్పానరు కొసకు తొడిగారు. ఒకరు సైకిలు మీద కూర్చున్నారు, ఒకరు గొట్టానికి వేలాడారు. సైకిలు వెనక చక్రం గాల్లోకి లేచింది. అటక మీద బిందె ఒకటి దొర్లి కింద పడింది.

"పది డిగ్రీలు!" అని అరిచారు.

"మొత్తం ఇరవై అయిదు," అన్నారు త్రివిక్రమరావుగారు తృప్తిగా. అక్కడే నిలబడి కాగితం మీద లెక్క కూడా వేశారు. "మర పూర్తిగా విడిపోవడానికి ఎనిమిది చుట్లు. వారానికి రెండు సందర్శనల చొప్పున... ఇక్కణ్ణుంచి మూడో సంక్రాంతికి మీ పెడలు మీ చేతిలో పెడతాను. రాతపూర్వకంగా ఇమ్మన్నా ఇస్తాను."

"పౌర్ణమి ఇంకో నాలుగు రోజులేనండి," అన్నాను.

"పౌర్ణములు వస్తూనే ఉంటాయండీ. పట్టుదల పోకూడదు."

వాళ్లు వెళ్లాక పాపాయమ్మ గోతాల పక్కన కూలబడింది. ఆవిడ ఏడవలేదు. గోతంలోంచి ఒక కట్ట తీసి, దారం సరిచేసి, మళ్లీ లోపల పెట్టింది.

"నాలుగువందలండీ," అంది అంతే.

త్రయోదశి నాడు తెల్లవారి స్నానం చేసి తులసికోట చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నాను. మనసు దేవుడి మీద లేదు, సైకిలు మీద ఉంది. నాకు అప్పుడప్పుడూ అడగకూడని సందేహాలు వస్తుంటాయి. ఆ వేళ ఒకటి వచ్చింది. నేను సవ్యంగా తిరుగుతున్నాను. వైకుంఠం నుంచి చూసే స్వామికి ఇది సవ్యమే. మరి భూమి కింద పాతాళంలో ఉన్న ఆదిశేషుడు తల పైకెత్తి చూస్తే? ఆయనకు నేను అపసవ్యంగా తిరుగుతున్నట్టు కనిపించదూ? ఆయనా భగవంతుడి పడకే కదా, ఆయన చూపు తప్పని ఎలా అంటాం?

నాలుగో చుట్టులోనే ఆగిపోయాను. తడి పంచెతోనే వార్డు ఆఫీసుకు నడిచాను.

"సార్, ఒక్క మనవి," అన్నాను త్రివిక్రమరావుగారితో. "ఉత్తర్వులో దిశ రాశారు గాని, ఏ పక్క నిలబడి చూడాలో రాయలేదండి."

ఆయన ఉత్తర్వు తీయించారు. పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చదివారు. రాయలేదు.

"ఇన్నాళ్లూ మీరు ఎడమ పక్క నిలబడ్డారండి. తమరు కుడి పక్కకు వచ్చి, చట్రం సందులోంచి చూడండి. మీవాళ్లు స్పానరును మస్తాను చెప్పినట్టు తిప్పుతారు. మీకు మాత్రం అపసవ్యంగానే కనపడుతుంది. ఉత్తర్వు చెక్కుచెదరదు."

త్రివిక్రమరావుగారు కుర్చీలోంచి లేచి, గాల్లో వేలితో సున్నా చుట్టి, ఆ సున్నాకు అవతలి పక్కకు నడిచి చూసుకున్నారు. సౌదామిని ఫోను వెనక ముఖం దాచుకుంది.

"పరిశీలించదగినది," అన్నారాయన.

ఆ మధ్యాహ్నమే అందరూ మా వసారాలో చేరారు. కాని అంతమంది కలిసి బిగించిన కడ్డీ అంత తేలిగ్గా కదులుతుందా? గొట్టం వేసినా కదల్లేదు. అప్పుడు పాపాయమ్మ గోతంలోంచి ఒక కట్ట తీసి, నూనెలో ముంచి, మూకుడులో పెట్టి క్రాంకు కింద వెలిగించింది.

"ఏమిటది? నిప్పా?" అని త్రివిక్రమరావుగారు సైకిలుకు అవతలి నుంచి కంగారు పడ్డారు. "మరమ్మతులో నిప్పు వాడకానికి వేరే అనుమతి కావాలి!"

"నిప్పేంటి బాబూ, అపచారం! కార్తీక దీపం," అంది పాపాయమ్మ.

ఆయన చెంపలు వేసుకున్నారు.

మూడువందల అరవై అయిదు వత్తుల మంట అంటే మాటలు కాదు. పావుగంటలో క్రాంకు కాగిపోయింది, ఇనుము సాగింది, లోపల పోసిన కొబ్బరినూనె పొగలు కక్కింది. గొట్టాన్ని వెనక చక్రం వైపు ఒక్క లాగు లాగాం. టప్పున శబ్దం వచ్చింది. తర్వాత ఎనిమిది చుట్లూ చేత్తోనే వచ్చేశాయి, గుడ్డ పట్టుకుని.

"అపసవ్యం! శుద్ధ అపసవ్యం!" అని అవతలి పక్క నుంచి త్రివిక్రమరావుగారు ఆనందంతో అరిచారు. తర్వాత గొంతు సవరించుకుని అన్నారు. "చూశారా వీరభద్రంగారూ? ఉత్తర్వు ఎన్నడూ తప్పు కాదు. మనం నిలబడే చోటే తప్పు."

బిగించడానికి ఉత్తర్వేమీ లేదు. అందుచేత కొత్త పెడలు మేమిద్దరమే పది నిమిషాల్లో బిగించుకున్నాం.

చతుర్దశి నాడు తెల్లారకముందే గోతాలు కట్టుకుని గట్టెక్కాను. మొదటి పల్లెలో దుకాణదారు నన్ను చూసి తల గోక్కున్నాడు.

"మీ కోసం చూసి చూసి, పోన్లే అని మెషీను వత్తులు తెప్పించేశాం వీరభద్రంగారూ. ఏవనుకోకండి."

రెండో పల్లెలోనూ అదే మాట. ఎనిమిది పల్లెలు తిరిగి, ఎనిమిది కట్టలు అమ్మి, చీకటి పడకముందే ఇల్లు చేరాను. పాపాయమ్మ గోతాలు దించి తూకం చూసినట్టు చేత్తో ఎత్తి చూసింది.

అదే రోజు మునిసిపాలిటీలో ఇంకొకటి జరిగింది. మా పెడలు విజయంతో ఉత్సాహం వచ్చి, ఏకదిశ ఉత్తర్వుకు సవరణ తెచ్చారు. 'ఇకపై పట్టణంలో విప్పవలసిన, తెరవవలసిన సమస్త వస్తువుల దిశను అవతలి పక్క నుంచి చూసి నిర్ణయించవలెను. అవతలి పక్క నిలబడుటకు వీలు లేనిచో నిలబడినట్లు భావించవలెను.' సాయంత్రానికల్లా అన్ని శాఖలకూ చేరింది.

ఊరికి మంచినీళ్లు వదిలే తాతారావుకు కూడా చేరింది. ఇరవై ఏళ్లుగా రోజూ తెల్లవారుజామున నాలుగింటికి గుంటలోకి వంగి వాల్వు తిప్పే మనిషి అతను. వాల్వు నేలలో ఉంది. దాని అవతలి పక్కంటే భూమి కింద. తాతారావు నిబంధన మీరే రకం కాదు. భూమి కింద నిలబడి చూస్తున్నట్టు భావించాడు. అక్కడి నుంచి అపసవ్యంగా కనిపించేలా చక్రాన్ని బలంగా తిప్పాడు. రాత్రి కారడానికని కొంచెం తెరిచి ఉంచిన వాల్వు కూడా పూర్తిగా మూసుకుపోయింది. సంతకం పెట్టి, టీ తాగడానికి వెళ్లాడు.

పౌర్ణమి తెల్లవారుజామున ఊళ్లో ఒక్క కుళాయి రాలేదు. కార్తీక పౌర్ణమి నాడు తలస్నానం చేయకుండా ఎవరుంటారు? మొదట మా వీధి కదిలింది, తర్వాత పై వీధి, తర్వాత ఊరంతా. బిందెలు, తువ్వాళ్లు, నిద్రమొహాలతో కాలువ రేవుకు చేరారు. ఏడాదిలో ఒక్కసారైనా కాలువ ముఖం చూడనివాళ్లు మోకాలి లోతు నీళ్లలో నిలబడి గజగజ వణికారు. వణికేవాళ్లు పక్కవాళ్ల దీపాలు చూశారు. ఎలాగూ ఇంతదూరం వచ్చాం, మనమూ ఒక దీపం వదులుదాం అనుకున్నారు. వత్తులు ఎవరూ తెచ్చుకోలేదు.

"ఏవండీ, లేవండి! గోతాలు కట్టండి!" అని పాపాయమ్మ రేవు నుంచి తడి జుట్టుతోనే పరుగెత్తుకొచ్చి నన్ను తరిమింది.

రేవు మెట్ల మీద సైకిలు నిలబెట్టి గోతాల మూతులు విప్పాం. ఏ దిశలో విప్పామో నాకు గుర్తులేదు. జనం మీద పడిపోయారు. "బాబాయ్, నాకు రెండు!" "పిన్నిగారూ, ఇటు!" తూరుపు ఎర్రబడేసరికి ఒక గోతం ఖాళీ. కాలువ పొడుగునా అరటి డొప్పల్లో దీపాలు బారులు తీరి పోతున్నాయి. సౌదామిని నాలుగు కట్టలు కొనుక్కుని, "బాబాయిగారూ, ఎవరికీ చెప్పకండి, నాకు మీ మస్తాను నంబరు కావాలి. మా ఇంట్లో గ్యాసు పొయ్యి మర రావట్లేదు," అని చెవిలో చెప్పి వెళ్లింది.

చివరగా త్రివిక్రమరావుగారు వచ్చారు. తడి పంచె, భుజాన తువ్వాలు, ఒక చేతిలో ఖాళీ బక్కెట్టు. మెడలో కార్డు మాత్రం ఉంది, అదీ తడిసింది.

"చూశారా వీరభద్రంగారూ, పౌరుల్లో ఈ చైతన్యం! మేము పిలవకుండానే వచ్చారు," అన్నారు పళ్లు కొరుకుతూ. అది చలికే. "నాకూ ఒకటి ఇవ్వండి."

రెండో గోతంలో చెయ్యి పెడితే అడుగున ఒక్కటే తగిలింది. పాపాయమ్మ దాన్ని నెయ్యిలో ముంచి డొప్పలో పెట్టి ఆయన చేతికి ఇచ్చింది. త్రివిక్రమరావుగారు కట్టను అటూ ఇటూ తిప్పి చూశారు. దారం ముడి దగ్గర ఆగారు. ఎడమ పక్కకు నడిచి చూశారు, మళ్లీ కుడి పక్కకు వచ్చి చూశారు.

"దీన్ని ఎటునుంచి విప్పాలమ్మా?"

"విప్పక్కర్లేదు బాబూ," అంది పాపాయమ్మ, అగ్గిపుల్ల గీస్తూ. "వెలిగిస్తే చాలు."